హైదరాబాద్ ఫ్లాట్లలో ఇండోర్ మొక్కలు: వెలుతురు, మట్టి, నీళ్ల లెక్క

నర్సరీలో నిగనిగలాడిన మొక్క ఇంటికొచ్చిన రెండు నెలలకే ఒక్కో ఆకూ పసుపెక్కి రాలుతుంటే, చాలామంది మొదట చేసే పని ఇంకో చెంబుడు నీళ్లు పోయడం. తరచుగా మొక్క ప్రాణం తీసేది ఆ చెంబుడు నీళ్లే. ఇంట్లో మొక్క దాహంతో పోవడం తక్కువ, తడి మట్టిలో వేరుకు గాలి అందక కుళ్లిపోవడం ఎక్కువ. వేరుకూ ఊపిరి కావాలి. మట్టి రేణువుల సందుల్లో నీరు నిండి కదలకుండా ఉంటే ఆక్సిజన్ అందక ముందు సన్న వేళ్లు చస్తాయి, వాటి మీద ఫంగస్ పడుతుంది. వేళ్లు పోయిన మొక్క నీళ్లు తాగలేదు కాబట్టి ఆకులు వాడిపోయి, చూసేవారికి దాహంగా ఉన్నట్టే కనిపిస్తుంది. దాంతో మళ్లీ నీళ్లు పోస్తారు.

అందుకే "వారానికి ఎన్నిసార్లు నీళ్లు పోయాలి?" అనే ప్రశ్నకు నేరుగా జవాబు లేదు. మొక్క ఎంత నీరు తాగుతుందన్నది దానికి అందే వెలుతురును బట్టి ఉంటుంది. ఆ నీరు వేరు దగ్గర ఎంతసేపు నిలుస్తుందన్నది మట్టిని బట్టి ఉంటుంది. ఈ రెండూ కుదిరాక నీళ్లు పోయడం తేలిక. కాబట్టి వెలుతురుతోనే మొదలుపెడదాం.

మొక్క కొనేముందు కిటికీ చూడండి

"ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్" అంటే గుమ్మం తూర్పుకు ఉందని అర్థం. మొక్కకు గుమ్మంతో పనిలేదు, కిటికీ ఎటు ఉందో చూడాలి. ఫోన్లోని దిక్సూచి తెరిచి ప్రతి కిటికీ, బాల్కనీ ఎటు చూస్తోందో ఒకసారి రాసిపెట్టుకోండి.

చలిదేశాల వాళ్లు చేసిన వీడియోల్లో "దక్షిణం కిటికీ అన్నిటికన్నా వెలుతురుది" అని చెబుతారు. అది మనకు ఏడాది పొడుగునా వర్తించదు. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచి నీడ మాయమయ్యే రోజులు ఏడాదికి రెండు: మే 9 ప్రాంతంలో ఒకటి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకొకటి. ఆ మధ్య కాలమంతా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరం వైపు ఉంటాడు. అంటే మే, జూన్, జులైలలో దక్షిణపు కిటికీలోంచి నేరు ఎండ రాదు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే దిగి, అదే కిటికీలోంచి గది లోపలికి దూరి పడతాడు. మేలో హాయిగా ఉన్న పీస్ లిల్లీకి డిసెంబరులో ఆకులు మాడటానికి కారణం ఇదే. ఉత్తరపు కిటికీ దీనికి తలకిందులు: చలికాలమంతా నీడ, మే నుంచి జులై దాకా ఉదయం, సాయంత్రం ఏటవాలుగా కాస్త ఎండ.

తూర్పు కిటికీ దాదాపు అన్ని ఇండోర్ మొక్కలకూ మంచిది. ఉదయపు ఎండ రెండు గంటలు తగిలినా ఆకు కాలదు. పడమర కిటికీతోనే జాగ్రత్త. మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా సాయంత్రపు ఎండ అద్దాన్ని, గోడను, కుండీని కూడా కాలుస్తుంది. అక్కడ పల్చటి తెల్ల కర్టెన్ వేయండి, లేదా మొక్కను ఒక మీటరు లోపలికి జరపండి.

వెలుతురును కంటితో కొలవడం కష్టం, ఎందుకంటే కన్ను చీకటికి అలవాటు పడిపోతుంది. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఉదయం 11 గంటలకు ఆకు ఉండే ఎత్తులో ఫోన్ పెట్టి చూడండి. యాప్ లెక్క పూర్తి కచ్చితం కాకపోయినా మూలకూ మూలకూ తేడా తెలుస్తుంది. 500 లక్స్ కన్నా తక్కువుంటే అక్కడ ఏ మొక్కా పెరగదు, కొన్నాళ్లు బతికి ఉంటుంది అంతే. 500 నుంచి 1,000 మధ్య గట్టి మొక్కలు నెట్టుకొస్తాయి. 1,000 నుంచి 2,500 ఉంటే ఎక్కువ మొక్కలకు సరిపోతుంది. 2,500 దాటితే కొత్త ఆకులు వరసగా వస్తాయి. బయట ఎండలో ఇది దాదాపు లక్ష ఉంటుంది. కిటికీ పక్కన 4,000 చూపించిన యాప్ రెండు మీటర్లు లోపలికి వెళ్లేసరికి 500కు పడిపోవడం మామూలే. దోమల మెష్, నల్లద్దం కూడా వెలుతురును బాగా తినేస్తాయి.

యాప్ లేకపోతే మధ్యాహ్నం తెల్లకాగితం పెట్టి, ఒక అడుగు పైన అరచేయి చాపండి. నీడ అంచులు గీసినట్టు పడితే వెలుతురు ఎక్కువ, మసగ్గా పడితే మధ్యస్థం. నీడ జాడే లేకపోతే ఆ చోటు అలంకరణ బొమ్మలకు వదిలేయండి.

వాస్తు ప్రకారం మనీ ప్లాంట్‌ను ఆగ్నేయంలోనే పెట్టాలనుకునేవారు ఆ మూలలో వెలుతురు కొలవండి. చీకటిగా ఉంటే రెండు కుండీలు పెంచి పదిహేను రోజులకోసారి మూలలోదాన్ని కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గరిదాన్ని మూలకు మార్చుకుంటే సరి. లేదా 10-12 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబును మొక్కకు ఒక అడుగు పైన బిగించి రోజుకు పది పన్నెండు గంటలు వెలిగించండి.

ఏ చోటికి ఏ మొక్క

500-1,000 లక్స్ మూలకు జీజీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, ముదురాకుపచ్చ అగ్లోనిమా. మధ్యస్థ వెలుతురుకు మనీ ప్లాంట్, సింగోనియం, హార్ట్ లీఫ్ ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్. కిటికీకి ఆనుకుని రబ్బరు మొక్క, అరెకా పామ్, క్రోటన్, ఎర్ర ఆకుల అగ్లోనిమా. ఆకులో తెలుపు, ఎరుపు, పసుపు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ వెలుతురు కావాలి, రంగు ఉన్నచోట పత్రహరితం తక్కువ కాబట్టి.

కాలాథియా, బోస్టన్ ఫెర్న్ కొత్తవారు కొనొద్దు. వానకాలంలో నర్సరీలో చూడముచ్చటగా ఉంటాయి, ఏప్రిల్ వచ్చేసరికి ఆకు అంచులన్నీ అప్పడాల్లా ఎండుతాయి. మన ఎండకాలపు పొడిగాలికి అవి తట్టుకోవు.

"గాలిని శుద్ధి చేస్తుంది" అన్న లేబుల్ చూసి కొనాల్సిన పని కూడా లేదు. ఆ మాటకు మూలమైన నాసా ప్రయోగం 1989లో మూసిన చిన్న గదుల్లో జరిగింది. మామూలు ఇంట్లో కిటికీ తెరిస్తే వచ్చేంత ఫలితం కావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు కావాలని 2019లో వెలువడిన సమీక్ష లెక్కతేల్చింది. మొక్కను మొక్క కోసమే పెంచుకోండి, అంతకన్నా కారణం అక్కర్లేదు.

తెచ్చిన మొదటి మూడు వారాలు

నగరంలోని నర్సరీలకు చాలా మొక్కలు గోదావరి పక్కనున్న కడియం, కడియపులంక నుంచి లారీల్లో వస్తాయి. కొన్ని పుణె వైపు నుంచి కొబ్బరి పొట్టులో వస్తాయి. ఈ రెండూ తెచ్చాక చేయాల్సిన పని వేరు.

గోదావరి ఒండ్రు బంకమట్టి. లారీలో కుదుళ్లు విడిపోకుండా ఉండటానికి అది బాగుంటుంది, కానీ మన గదిలో అదే మట్టి తడిస్తే పది రోజులు ఆరదు, ఆరితే ఇటుకలా గట్టిపడి కుండీ అంచు నుంచి విడిపోతుంది. అప్పుడు పోసిన నీరు ఆ సందులోంచి అంచుల వెంట జారి అడుగున కారిపోతుంది, మధ్యలో వేరుముద్ద పొడిగానే ఉంటుంది. గుర్తుపట్టడం సులువు: తడిమట్టి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలపండి. రిబ్బనులా సాగితే బంకమట్టి.

కొనేముందు ఆకుల అడుగు, కాడ కాండంలో కలిసే మడత చూడండి. తెల్ల దూదిలాంటిది కనిపించినా, ఆకులు జిగటగా ఉన్నా, కుండీ మీద చీమలు బారులు తీరినా ఆ మొక్క వద్దు. ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి. నర్సరీలో పచ్చ షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్క గది వెలుతురుకు అలవాటు పడేదాకా రెండు మూడు కింది ఆకులు రాలుస్తుంది. కంగారు పడొద్దు, ఎరువు వేయొద్దు.

మొక్క బంకమట్టిలో ఉంటే మూడో వారంలో మార్చాలి. కొబ్బరి పొట్టులో వచ్చినదాన్ని మూడు నాలుగు నెలలు అలాగే ఉంచొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో తెచ్చి ఉంటే మాత్రం మృగశిర కార్తె వచ్చి వానలు పడేదాకా ఆగండి. అప్పటిదాకా అగరుబత్తి పుల్లతో మట్టిలో పదీ పన్నెండు చోట్ల లోతుగా గుచ్చి గాలి దారులు చేస్తే చాలు.

మట్టి కలపడం

ఎర్రమట్టి, పశువుల ఎరువు చెరిసగం అన్నది పెరట్లో మందారానికి బాగుంటుంది. గదిలో ఎండ, గాలి తక్కువ కాబట్టి అది ఎప్పటికీ ఆరదు. మనీ ప్లాంట్, సింగోనియం, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ, అగ్లోనిమాలకు పనికొచ్చే మిశ్రమం ఇది. ఒక మగ్గును కొలతగా పెట్టుకోండి:

- కొబ్బరి పొట్టు: 4 మగ్గులు
- పెర్లైట్ (తెల్లగా, తేలిగ్గా ఉండే రాతి గుళికలు): 2 మగ్గులు
- కొబ్బరి చిప్స్ లేదా గోళీకాయంత బొగ్గు ముక్కలు: 2 మగ్గులు
- వర్మీకంపోస్టు: 2 మగ్గులు
- వేపపిండి: రెండు గుప్పెళ్లు

స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్‌లకు కొబ్బరి పొట్టు సగానికి తగ్గించి, ఆ రెండు మగ్గుల స్థానంలో కడిగిన దొడ్డు ఇసుక వేయండి. రబ్బరు మొక్క, అరెకా పామ్‌లు బరువుగా పెరుగుతాయి, గాలికి పడిపోకుండా వాటికి రెండు మగ్గుల ఎర్రమట్టి చేర్చొచ్చు.

పెర్లైట్ దొరక్కపోతే శనగగింజ, బఠాణీ సైజులో కొట్టిన ఇటుక ముక్కలు పనికొస్తాయి. పొడిని జల్లెడ పట్టి తీసేయాలి. ఇసుక పేరుతో రోబో ఇసుక వేయకండి. దాంట్లోని సన్నని రాతిపొడి సందులన్నీ పూడ్చి, నాలుగు తడులకే సిమెంటులా బిగుసుకుంటుంది.

కొబ్బరి పొట్టు ఇటుకను నేరుగా వాడొద్దు. కొబ్బరి పీచును ఉప్పునీటిలో నానబెట్టే చోట్ల నుంచి వచ్చినదానిలో లవణాలు ఉంటాయి. 650 గ్రాముల ఇటుకను బకెట్‌లో నాలుగైదు లీటర్ల నీళ్లలో అరగంట నానబెట్టండి. ఎనిమిది లీటర్ల దాకా పొంగుతుంది. పాత చున్నీలోనో పంచెలోనో వేసి పిండి, మళ్లీ నీళ్లు పోసి పిండండి. పిండిన నీరు డికాక్షన్ రంగు నుంచి పల్చటి టీ రంగుకు వచ్చేదాకా, అంటే రెండు మూడు సార్లు చేయాలి.

మిశ్రమం సరిగ్గా కుదిరిందా అన్నది పిడికిలితో తేలుతుంది. తడిపి గట్టిగా పట్టి వదిలితే ముద్ద కట్టాలి, బొటనవేలితో తడితే విడిపోవాలి. ముద్దగానే ఉంటే ఇంకో మగ్గు పెర్లైట్ వేయండి.

కుండీ మార్చే పద్ధతి

వానకాలం మొదలైన జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. ఫిబ్రవరి నెల తర్వాతి ఎంపిక.

1. వేరుముద్ద కన్నా ఒకటి నుంచి రెండు అంగుళాలు మాత్రమే వెడల్పైన కుండీ తీసుకోండి. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని 4 అంగుళాల మొక్కను 10 అంగుళాల కుండీలో పెడితే వేరు అందని మట్టి అంతా తడిగా ఉండిపోయి పులుస్తుంది.

2. అడుగున రంధ్రం ఉండాలి, ఇందులో రాజీ లేదు. అందమైన పింగాణీ కుండీకి రంధ్రం లేకపోతే మొక్కను ప్లాస్టిక్ కుండీలో ఉంచి, దాన్ని పింగాణీలో దించండి. తడి ఎక్కువైపోతుందని భయమున్నవారికి మట్టికుండీ మేలు, దాని గోడల్లోంచి కూడా నీరు ఆరుతుంది.

3. రంధ్రం మీద ఒక చిల్లపెంకో మెష్ ముక్కో పెట్టండి, అది మట్టి జారకుండా ఆపడానికి. అంతకు మించి గులకరాళ్ల పొర వేయొద్దు. రాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందన్నది పాతుకుపోయిన నమ్మకం, జరిగేది దానికి వ్యతిరేకం. సన్న రంధ్రాల మట్టిలోంచి పెద్ద సందులున్న రాళ్లలోకి నీరు సులువుగా దిగదు, మట్టి బాగా తడిసి బరువెక్కేదాకా పైనే వేలాడుతుంది. అంటే తడిపొర రాళ్ల ఎత్తు మేర పైకి, వేళ్లకు దగ్గరగా వస్తుంది.

4. ముందురోజు మొక్కకు నీళ్లు పెట్టండి. కుండీ అంచులు నొక్కి, పక్కకు వంచి, మొదలు పట్టుకుని బయటికి జార్చండి. కాండం పట్టి పైకి లాగొద్దు.

5. బంకమట్టి ఉంటే వేరుముద్దను బకెట్ నీళ్లలో 20 నిమిషాలు ముంచి, చేతివేళ్లతో మెల్లగా నలుపుతూ వెలుపలి మట్టి సగం దాకా వదిలించండి. లోపలి ముద్దను చీల్చకండి. ఆ సగం మట్టి వచ్చే ఏడాది తీయొచ్చు. అరెకా పామ్‌కు ఈ పని చేయొద్దు, దాని వేళ్లు కదిపితే నెలల తరబడి కోలుకోదు.

6. కొత్త కుండీలో పాత లోతులోనే నాటండి. అంచు నుంచి ఒక అంగుళం ఖాళీ వదలండి. మట్టిని గుద్దొద్దు, కుండీని నేలమీద రెండుసార్లు తట్టితే సర్దుకుంటుంది.

7. అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి, పది రోజులు నేరు ఎండ లేని చోట పెట్టండి. ఎరువు ఆరు వారాల తర్వాతే.

నీళ్లు

చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. చల్లగా, తడిగా తగిలితే ఆగండి. 8 అంగుళాలు దాటిన కుండీల్లో వేలు అందదు కాబట్టి అగరుబత్తి పుల్లను అడుగుదాకా దించి పది నిమిషాలుంచి తీయండి. పుల్ల తడిసి ముదురు రంగుకు మారినా, మట్టి అంటుకుని వచ్చినా ఇంకా నీరుంది. కొన్నాళ్లకు కుండీ ఎత్తగానే బరువును బట్టి తెలిసిపోతుంది.

పోసేటప్పుడు కొంచెం కొంచెంగా పోయొద్దు. రోజూ అర గ్లాసు పోస్తే పై అంగుళం ఎప్పుడూ తడి, అడుగు వేళ్లు ఎప్పుడూ పొడి. 6 అంగుళాల కుండీకి అర లీటరు దాకా, మట్టంతా తడిసేలా నెమ్మదిగా తిప్పుతూ పోసి, అడుగున కారాక పళ్లెంలో చేరిన నీటిని పావుగంటలో పారబోయండి.

6 అంగుళాల కుండీలో, పైన చెప్పిన మిశ్రమంలో, మధ్యస్థ వెలుతురులో ఉన్న మనీ ప్లాంట్‌కు ఏప్రిల్, మేలలో నాలుగు రోజులకోసారి, వానకాలంలో ఏడు నుంచి పది రోజులకు, చలికాలంలో తొమ్మిది పది రోజులకు నీళ్లు అవసరమవుతాయి. అదే పరిస్థితిలో స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్‌లకు ఎండకాలం పన్నెండు రోజులు, మిగతా కాలం మూడు నాలుగు వారాలు ఆగొచ్చు. జీజీకి మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపలుంటాయి, నీటి నిల్వ అక్కడే. పీస్ లిల్లీ దాహమైతే మొత్తంగా వాలిపోయి చెబుతుంది, నీళ్లు పోసిన రెండు మూడు గంటల్లో లేస్తుంది. ఇవన్నీ అంచనాలే, వేలు చెప్పిందే ఖాయం.

హైదరాబాద్‌లో వానకాలమే వేరు కుళ్లుకు అసలు కాలం. ఎండకాలం అలవాటు చొప్పున నాలుగు రోజులకోసారి పోస్తూనే ఉంటారు, మబ్బు పట్టి వెలుతురు సగానికి పడిపోతుంది, గాలిలో తేమ వల్ల మట్టి ఆరదు. మొదటి ముసురు పట్టిన రోజే ఎండకాలపు లెక్క మానేయాలి. మళ్లీ శివరాత్రి దాటాక మెల్లగా పెంచుకుంటూ పోవాలి.

ఇక ఏ నీళ్లు? వాననీళ్లకు సాటి లేదు. జులైలో బాల్కనీలో బకెట్ పెట్టి పట్టుకుని మూత వేసి ఉంచండి. మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చే నల్లా నీళ్లు బాగానే పనిచేస్తాయి. రాత్రంతా నిలవపెడితేనే పోయాలన్న నియమం అక్కర్లేదు, నల్లా నీటిలో ఉండే కాస్త క్లోరిన్ మొక్కను ఏమీ చేయదు. బోరు నీళ్లతోనే తంటా. గిన్నెల మీద, కుళాయి మీద తెల్ల పొర కట్టే నీరు కుండీలో కూడా అలాగే పేరుకుంటుంది, స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, పీస్ లిల్లీల ఆకుకొనలు గోధుమరంగుకు తిరుగుతాయి. బోరు తప్ప దిక్కులేనివారు రెండు నెలలకోసారి కుండీని బాత్రూంలో పెట్టి, కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల నీరు, అంటే 6 అంగుళాల కుండీకి అయిదు లీటర్ల దాకా, మెల్లగా పోసి కడిగేయండి. కుదిరితే ఆఖరి తడి వాననీళ్లతో.

చాలా అపార్టుమెంట్లలో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంటుంది. అది ఉప్పుతో పనిచేసే రకమైతే, నీటిలోని కాల్షియాన్ని తీసి దాని స్థానంలో సోడియం పెడుతుంది. సబ్బు బాగా నురగొస్తుంది, కానీ మొక్కకు అది బోరు నీటికన్నా హాని. మీ ఫ్లాటుకు ఏ నీరు వస్తోందో వాచ్‌మన్‌నో మెయింటెనెన్స్ వాళ్లనో అడిగి తెలుసుకోండి. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిలో లవణాలు మరీ ఎక్కువ, అది నేల తుడవడానికి వాడండి. ఏసీ నీళ్లలో లవణాలు ఉండవు, నిక్షేపంగా పోయొచ్చు.

మేలో మధ్యాహ్నం టెర్రస్ ట్యాంకు నుంచి వచ్చే నీరు చేతికి కాలుతుంది. తెల్లవారుజామునో, బకెట్‌లో పట్టి చల్లారాకనో పోయండి.

ఎండకాలపు పొడిగాలి, ఏడాదంతా దుమ్ము

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 20-30 శాతానికి పడిపోతుంది. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే పది నిమిషాలు ఉపశమనం, బోరు నీళ్లయితే తెల్ల మచ్చలు అదనం. దానికన్నా మొక్కలన్నిటినీ ఒకచోట గుంపుగా చేర్చడం మంచిది, ఒకదాని ఆకుల నుంచి వచ్చే తేమ ఇంకోదానికి పనికొస్తుంది. కూలర్ ఉన్న గది మొక్కలకు నిజంగా మేలు, గాలి నేరుగా ఆకుల మీద కొట్టకపోతే చాలు. ఏసీ గాలి దారిలో మాత్రం ఏ మొక్కనూ పెట్టొద్దు.

చుట్టుపక్కల నిర్మాణాలు సాగుతుంటే ఆకు మీద వారం రోజుల్లో దుమ్ముపొర కడుతుంది, అందిన కాస్త వెలుతురూ అడ్డుపడుతుంది. పదిహేను రోజులకోసారి తడి నూలుగుడ్డతో, ఆకు కింద అరచేయి ఆనించి రెండువైపులా తుడవండి. కొబ్బరినూనె, పాలు, మెరుపు స్ప్రేలు రాయొద్దు. ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి, ఆ జిడ్డు మరింత దుమ్మును పట్టుకుంటుంది.

ఎరువు

తక్కువ వెలుతురులో మొక్కకు ఎరువు అవసరమూ తక్కువే. జూన్ నుంచి అక్టోబరు దాకా, మళ్లీ ఫిబ్రవరి, మార్చిలలో నీటిలో కరిగే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరుకు ఒక గ్రాము కలిపి, మట్టి తడిగా ఉన్నప్పుడు, నెలకోసారి లేదా కిటికీ దగ్గరి మొక్కలకు పదిహేను రోజులకోసారి పోయండి. లేదా రెండు నెలలకోసారి కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు. బియ్యం కడిగిన నీళ్లు, ఉల్లిపొట్టు నీళ్లు, వాడేసిన టీపొడి పెరటి మొక్కలకు పోసుకోండి. గదిలో కుండీలో అవి పులిసి సన్నని నల్ల ఈగలకు నిలయమవుతాయి.

ఆకును చూసి రోగం చెప్పడం

కింది ఆకులు పసుపెక్కి, మట్టి తడిగా ఉంటే నీరెక్కువ. పసుపెక్కి, మట్టి పొడిగా, కుండీ తేలిగ్గా ఉంటే నీరు తక్కువ. నెలకో రెండు నెలలకో ఒక్క ముసలాకు పోవడం సహజం. కొనలు మాత్రమే ఎండితే లవణాలు లేదా పొడిగాలి. ఆకు మధ్యలో తెల్లగా, కాగితంలా మచ్చ పడితే ఎండదెబ్బ, అది మళ్లీ పచ్చబడదు. తీగ పొడుగ్గా సాగి ఆకుకూ ఆకుకూ దూరం పెరుగుతూ కొత్తాకు చిన్నదవుతుంటే వెలుతురు చాలడం లేదు. మట్టి తడిగా ఉండీ ఆకులు వాలితే వెంటనే వేరు చూడాలి.

వేరు చూసే పద్ధతి: మొక్కను బయటికి తీసి, మట్టి దులిపి, నీటి ధార కింద కడగండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమగానో గట్టిగా ఉంటుంది. కుళ్లినది నల్లగా, మెత్తగా ఉండి, లాగితే పైతొక్క ఊడి దారం మిగులుతుంది, మురుగువాసన వస్తుంది. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కుళ్లినదంతా, గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించండి. వేళ్లు సగం పోతే ఆకులు కూడా మూడోవంతు తీసేయాలి, మిగిలిన వేళ్లు అన్ని ఆకులకు నీరందించలేవు. కార్బెండాజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడిమందు లీటరుకు 2 గ్రాములు కలిపి, చేతికి గ్లౌజులు వేసుకుని, వేళ్లను పావుగంట ముంచండి. నీడలో రెండు గంటలు ఆరనిచ్చి, కొత్త మిశ్రమంలో, మిగిలిన వేళ్లకు సరిపడే చిన్న కుండీలో నాటండి. పాత మట్టి మళ్లీ వాడొద్దు. పైపైన కాస్త తడిపి, తర్వాతి నీళ్లు పై రెండంగుళాలు ఆరాకే.

మనీ ప్లాంట్, సింగోనియం, ఫిలోడెండ్రాన్ అయితే ఈ పనికి ముందే రెండు మూడు కొమ్మలు కణుపు కింద అర అంగుళం ఉంచి కత్తిరించి నీటిలో పెట్టండి. తల్లి మొక్క దక్కకపోయినా మూడు వారాల్లో ఇవి వేళ్లు పోసుకుంటాయి.

పురుగులు

ఎండకాలం ఎర్రనల్లి, మిగతా కాలం పిండినల్లి. ఈ రెండే ఎక్కువగా వేధిస్తాయి. ఎర్రనల్లి కంటికి ఆనదు. ఆకు మీద సన్నని పసుపు చుక్కలు, కాడల మధ్య పల్చటి సాలెగూడు కనిపిస్తే ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి, కదిలే చుక్కలు రాలితే అదే. పొడిగాలి దానికి బలం, నీళ్లంటే గిట్టదు. షవర్ కింద పెట్టి ఆకుల అడుగుభాగం గట్టిగా కడగడం సగం వైద్యం.

పిండినల్లి తెల్ల దూదిలా కాడల మడతల్లో దాక్కుంటుంది. తక్కువగా ఉంటే దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కోదాన్నీ తుడిచేయండి. ముందు ఒక ఆకు మీద రాసి ఒకరోజు చూడండి.

రెండింటికీ వేపనూనె. సీసా మీద దాని గాఢత పీపీఎంలలో రాసి ఉంటుంది: 1500 పీపీఎం రకమైతే లీటరుకు 5 మిల్లీలీటర్లు, 10,000 పీపీఎం అయితే 2 మిల్లీలీటర్లు. నూనె నీటిలో కలవదు కాబట్టి ముందు రెండు చెంచాల కుంకుడు రసంలోనో రెండు చుక్కల గిన్నెల సబ్బులోనో గిలకొట్టి, తర్వాత గోరువెచ్చని నీళ్లు పోయండి. సాయంత్రం, ఆకుల అడుగు తడిసేలా కొట్టి, మర్నాడు నేరు ఎండ తగలనీయకండి. కలిపిన మందు అదేరోజు వాడేయాలి. వారానికోసారి, వరసగా మూడు వారాలు. ఒక్కసారి కొట్టి ఆపేస్తే గుడ్లలోంచి వచ్చే కొత్త పురుగులు మళ్లీ మొదలుపెడతాయి, చాలామంది మందు పనిచేయలేదనుకునేది ఇక్కడే.

మట్టి మీద ఎగిరే సన్నని నల్ల ఈగలకు మందు అక్కర్లేదు. పై అంగుళం మట్టి పూర్తిగా ఆరనిచ్చి, పసుపు జిగురు అట్టలు పెడితే మూడు నాలుగు వారాల్లో పోతాయి.

పిల్లలు, పెంపుడు జంతువులు, దోమలు

డైఫెన్‌బాకియా, మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ, సింగోనియం అన్నిటిలోనూ కాల్షియం ఆక్సలేట్ అనే లవణపు సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. పాకే పిల్లలు, పిల్లి, కుక్క ఉన్న ఇళ్లలో వీటిని ఎత్తులో వేలాడదీయండి. కింద పెట్టడానికి అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ బెంగలేనివి.

డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు చాలు. సీసాలో మనీ ప్లాంట్, లక్కీ బాంబూ, కుండీ కింది పళ్లెం దానికి తగిన చోట్లు. వారానికోసారి నీరు పారబోసి, సీసా లోపలి గోడలను బ్రష్‌తో రుద్దండి. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి, నీరు మార్చినంత మాత్రాన పోవు.

ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికి వారం రోజులు వెళితే బయల్దేరే ముందు ఒక్క తడి పెట్టి, కిటికీ నుంచి కాస్త లోపలికి జరిపితే చాలు. చలికాలంలో చాలా మొక్కలు తట్టుకుంటాయి. మే నెల సెలవుల్లో పది రోజులు వెళ్లేవారికి వత్తి పద్ధతి ఉంది. పాత నూలు చీర నుంచి వేలంత మందం పీలిక చింపి మెలితిప్పి, మొత్తం తడపండి. ఒక కొస కుండీ మట్టిలో మూడంగుళాల లోతుకు పాతండి, రెండో కొస బకెట్ అడుగుకు తగిలేలా వదలండి. బకెట్ నీటిమట్టం కుండీ మట్టికన్నా ఎత్తులో ఉండేలా స్టూలు మీద పెట్టి, దోమలు చేరకుండా మూత వేయండి. ప్రయాణానికి రెండు రోజుల ముందే అమర్చి నీరు ఎంత దిగుతోందో చూసుకోండి. మట్టి బురదగా మారుతుంటే వత్తి సన్నం చేయండి, ఆరిపోతుంటే రెండో వత్తి వేయండి. స్నేక్ ప్లాంట్, జీజీలకు ఇది వద్దు, వాటికి పది రోజులు లెక్కలోకి రావు.

తిరిగొచ్చాక వాలిన మొక్క కనిపించగానే చెంబు అందుకోకండి. ముందు వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే కుండీని నీళ్ల బకెట్‌లో అంచు దాకా అరగంట ముంచి తీయండి, గట్టిపడిన కొబ్బరి పొట్టు పైనుంచి పోస్తే తడవదు. ఎండిన ఆకులు ఆరోజే కత్తిరించొద్దు. వారంలో కొత్త చిగురు ఎక్కణ్నుంచి వస్తుందో చూసి, దానికి పైభాగం తీసేయండి.